ప్రోగ్రాముల పరీక్షలో నూటికి నూరు

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు కుండలోని మెతుకులన్నిటిని పట్టి చూడనక్కరలేదు; ఒక్క మెతుకు చాలును. ఒకే నీటిలో, ఒకే మంటమీద ఉడికిన మెతుకులు గనుక ఒకదాని సంగతి తక్కినవాటికి సాక్ష్యమగును. కంప్యూటరు ప్రోగ్రాము అట్టిది కాదు. అందులో ఒక వాక్యము కూడికను చేయుచుండగా దాని ప్రక్క వాక్యము భాగహారము చేయుచుండవచ్చును. మొదటిది సరిగా పనిచేసినదన్న మాట రెండవదానిని గూర్చి ఏమియు తెలుపదు. అందుచేత ప్రోగ్రాములను పరీక్షించువారు మొదటినుండియు మెతుకులన్నిటిని పట్టి చూడవలెననియే తలంచిరి. ఎన్ని పట్టి చూచితిమో లెక్కించుటకు వారు ఏర్పరచుకొన్న కొలతకు కవరేజి అని పేరు. ఈ వ్యాసములో విమర్శింపబోవునది ఆ కొలతనే.

కొలత చేయు విధానము మిక్కిలి సులభము. ఒక ప్రోగ్రాములో 200 పంక్తులున్నవనుకొందము. దానికి కొన్ని లెక్కలనిచ్చి నడిపించి, సరియైన జవాబు వచ్చినదో లేదో సరిచూతుము. ఇట్టి ప్రయత్నమును ఇక్కడ టెస్టు అని పిలుతము. పరీక్ష అనినచో మన పాఠశాల పరీక్షలతో కలిసిపోవును. టెస్టులు జరుగుచుండగా మరియొక సాధనము ప్రక్కన కూర్చుండి, ఏయే పంక్తులు నడిచినవో గుర్తులు పెట్టుచుండును. 200 పంక్తులలో 170 నడిచినచో కవరేజి 85 శాతము. అమెరికాలో జోన్ మిల్లర్, క్లిఫర్డ్ మలోనీ అను వారిరువురు 1963లో ప్రకటించిన ఒక వ్యాసము ఈ ఆలోచనకు తొలి ప్రకటనలలో నొకటిగా పేర్కొనబడుచున్నది.

పంక్తులను లెక్కించుట చాలదని త్వరలోనే తెలిసినది. ప్రోగ్రాములో 'ఇట్లయినచో ఇది చేయుము, లేనిచో అది చేయుము' అని దారి రెండుగా చీలు చోట్లుండును. అట్టి ప్రతిచోట రెండు దారులును నడిచినవా అని చూచుటకు బ్రాంచి కవరేజి వచ్చినది. విమానములలోని ప్రోగ్రాములకు ఇంతకంటె కఠినమైన నియమము కలదు. డి.ఓ.-178బి అను ప్రమాణము 1992లో వెలువడినది. ఏ ప్రోగ్రాము తప్పినచో విమానమే కూలిపోగలదో అట్టి ప్రోగ్రాములో, ఒక నిర్ణయమునకు మూడు నాలుగు షరతులున్నచో, ప్రతి షరతును తనంతట తానే ఆ నిర్ణయమును మార్చగలదని టెస్టులలో చూపింపవలెనని అది శాసించినది. ఇవి యన్నియు మంచి కొలతలే. కాని వీటన్నిటికిని ఒక్కటే పునాది: లెక్కింపవలసిన వస్తువు కాగితముమీద వ్రాసిన ప్రోగ్రాము పాఠమే యని. ఆ పునాది ఒకచోట కదలినది.

అది ఎక్కడ కదలినదో చెప్పుటకు ముందు ఉపాధ్యాయులకు పరిచితమైన సంగతి ఒకటి. సంవత్సరాంతమున తనిఖీ అధికారి వచ్చి, 'సిలబసు ఎంతవరకు పూర్తియైనది?' అని అడుగును. ఉపాధ్యాయుడు 'నూటికి నూరు' అని రిజిస్టరు చూపును. అందులో అసత్యమేమియు లేదు, పాఠములన్నియు చెప్పబడినవి. కాని ఎవరికి చెప్పబడినవి? గైరుహాజరైన పిల్లవానికి భిన్నముల పాఠము చెప్పబడినట్లా, కానట్లా? రిజిస్టరులో పాఠముల పట్టిక మాత్రమే యున్నది. ఏ పాఠము ఏ విద్యార్థికి చేరినదో తెలుపు పట్టిక వేరు. అది చాల పెద్దది, నింపుట కష్టము, గనుక దానినెవరును అడుగరు. కవరేజి కొలతకు ఆబ్జెక్టు పద్ధతి ప్రోగ్రాములలో పట్టిన గతి సరిగా ఇదియే.

ఆబ్జెక్టు పద్ధతి నార్వే దేశములో పుట్టినది. ఓస్లో నగరములోని నార్వే గణన కేంద్రమున ఓలే-యోహాన్ దాల్, క్రిస్టెన్ న్యూగార్డ్ అను శాస్త్రజ్ఞులు 1967లో సిములా 67 అను భాషను నిర్మించిరి. నేడు విస్తారముగా వాడుకలోనున్న సి++, జావా, పైథాన్ మొదలైన భాషలలో ఆ పద్ధతి కలదు. దాని సారాంశమిది. ప్రోగ్రాములో ఒక్కొక్క రకపు వస్తువునకు ఒక క్లాసు ఉండును. ఇది మన పదవ క్లాసు వంటిది కాదు; వస్తువుల జాతి యనుకొనవలెను. ఆ జాతికి చెందిన ఒక్కొక్క వస్తువు ఒక ఆబ్జెక్టు. ఆ వస్తువు చేయగల పనులు ఫంక్షనులు. ఒక క్లాసునుండి మరియొక క్లాసును పుట్టించవచ్చును. పిల్ల క్లాసునకు తల్లి క్లాసులోని ఫంక్షనులన్నియు వారసత్వముగా వచ్చును. వాటిని మరల వ్రాయ నక్కరలేదు. కావలసినచో పిల్ల వాటిలో ఒకటి రెండు మాత్రము మార్చుకొనవచ్చును. ఆ పైన తల్లి ఉండవలసిన ప్రతిచోట పిల్లను ఉంచవచ్చును. అప్పుడు 'నీ పని చేయుము' అని పిలిచినచో ఏ ఫంక్షను నడచునన్నది ఆ క్షణమున అచ్చట నిలిచియున్న ఆబ్జెక్టును బట్టి యుండును. దీనిని బహురూపత యందురు. పిలుపు ఒక్కటే, పలుకువారు వేరు.

ఇప్పుడొక చిన్న ప్రోగ్రామును కట్టి చూతము. ఇది నేను ఊహించిన ఉదాహరణయే కాని, ఏ పరీక్షల కార్యాలయమునకును సంబంధించినది కాదు.

'పరీక్షార్థి' అను క్లాసున్నది. దానికి మూడు ఫంక్షనులు. 'మొత్తము' అన్నది ఆరు సబ్జెక్టుల మార్కులను కూడును. 'సబ్జెక్టుల సంఖ్య' అన్నది 6 అని జవాబు చెప్పును. 'సగటు' అన్నది మొత్తమును సబ్జెక్టుల సంఖ్యచే భాగించును. కొన్నాళ్లకు సప్లిమెంటరీ పరీక్ష వ్రాయువారిని కూడ ప్రోగ్రాములో చేర్చవలసి వచ్చినది. మరియొక ప్రోగ్రామరు 'సప్లిమెంటరీ పరీక్షార్థి' అను పిల్ల క్లాసును పుట్టించెను. అతనికి ఫీజు లెక్కింపవలసియున్నది. సబ్జెక్టునకు 50 రూపాయలనుకొందము. తప్పిన సబ్జెక్టులకు మాత్రమే గదా ఫీజు! కాబట్టి అతడు 'సబ్జెక్టుల సంఖ్య'ను మార్చి, మరల వ్రాయుచున్న సబ్జెక్టులెన్నియో అన్నియే అని జవాబు చెప్పునట్లు చేసెను. 'ఫీజు' అను క్రొత్త ఫంక్షను ఆ సంఖ్యను 50చే హెచ్చించును. 'మొత్తము', 'సగటు' తల్లినుండి వచ్చినవి. వాటి జోలికి అతడు పోలేదు.

టెస్టులు రెండు. మొదటిదానిలో ఒక మామూలు పరీక్షార్థి: మార్కులు 70, 55, 60, 45, 80, 50. మొత్తము 360, సగటు 60. సరిపోయినది. రెండవదానిలో ఒక సప్లిమెంటరీ పరీక్షార్థి: సబ్జెక్టులు రెండు, ఫీజు 100 రూపాయలు. సరిపోయినది. కవరేజి సాధనము చూచినది: ప్రతి పంక్తియు నడిచినది, 100 శాతము. దారులు చీలు చోట్లు ప్రోగ్రాములో ఒక్కటియు లేవు గనుక బ్రాంచి కవరేజిలోను లోటేమియు లేదు. పై అధికారి సంతోషించి సంతకము చేసెను.

ఫలితములు వచ్చిన నాడు సప్లిమెంటరీ వ్రాసిన పిల్లవానికి మొదట నిలిచిన నాలుగు సబ్జెక్టులలో 50, 60, 70, 45. క్రొత్తగా వ్రాసిన రెంటిలో 35, 40. మొత్తము 300. దానిని 'సబ్జెక్టుల సంఖ్య'చే, అనగా 2చే, ప్రోగ్రాము భాగించెను. నూటికి సగటు 150 మార్కులని జాబితాలో అచ్చయినది!

ఏ పంక్తిలో తప్పున్నది? 'మొత్తమును సబ్జెక్టుల సంఖ్యచే భాగించుము' అన్నది తప్పు కాదు. 'వ్రాయుచున్న సబ్జెక్టులెన్నియో చెప్పుము' అన్నదియు ఫీజు లెక్కకు తప్పు కాదు. తప్పు ఏ పంక్తిలోను లేదు. ఒక పంక్తి మరియొక ఆబ్జెక్టుపై నడుచుటలో నున్నది. పంక్తులను లెక్కించు సాధనమునకు అది కనబడకపోవుట సహజమే. జావా భాషకు వాడు జాకోకో గాని, పైథానునకు వాడు కవరేజ్.పై గాని ఫంక్షను ఎచ్చట వ్రాయబడినదో అచ్చటనే గుర్తు పెట్టును. 'సగటు' తల్లి క్లాసులో వ్రాయబడినది, అక్కడ ఒకసారి నడిచినది, పని ముగిసినది. పిల్ల క్లాసు లెక్కలో ఆ ఫంక్షను పేరే యుండదు.

ఇంకొక చమత్కారము గమనింపదగినది. ఇదే ప్రోగ్రామును పాత పద్ధతిలో వ్రాసియున్నచో ఏమగును? 'సగటు' అను ఫంక్షను లోపలనే 'ఇతడు సప్లిమెంటరీ అయినచో ఇన్ని సబ్జెక్టులు, లేనిచో ఆరు' అని దారి చీలియుండెడిది. బ్రాంచి కవరేజి అడుగు సాధనము వెంటనే 'సప్లిమెంటరీ దారి నడువలేదు' అని ఎఱ్ఱ గీత గీచెడిది. ఆ గీత చెరపుటకై టెస్టు వ్రాసినవానికి 150 కంటబడెడిది. ఆబ్జెక్టు పద్ధతిలో ఆ నిర్ణయము మాయము కాలేదు. పాఠములోనుండి తొలగి క్లాసుల వంశవృక్షములోనికి పోయి దాగినది. ప్రోగ్రాము చూచుటకు శుభ్రమైనది, చీలికలు తగ్గినవి, కవరేజి శాతము పెరిగినది. తెలియని భాగము మాత్రము తగ్గలేదు. ఒకే పనిని రెండు విధముల వ్రాసినప్పుడు, ఒకదానికి తక్కువ మార్కులు, మరియొకదానికి నూటికి నూరు వచ్చుచున్నచో, ఆ కొలత పనిని కొలుచుచున్నదా, వ్రాతను కొలుచుచున్నదా అని అడుగుట న్యాయమే గదా! (పాత పద్ధతిలోను ఆ చీలికను వేరొక ఫంక్షనులో పెట్టి, దానిని విడిగా టెస్టు చేసి, ఇదే పొరపాటు చేయవచ్చును. కాని అప్పుడది ప్రోగ్రామరు చేతులార చేసినదగును. ఆబ్జెక్టు పద్ధతిలో అది భాష స్వభావముగానే జరుగుచున్నది.)

ఈ లోటు నిన్న మొన్న తెలిసినది కాదు. ఆబ్జెక్టు భాషలు వ్యాపించుచున్న తొలి దినములలో, తల్లి క్లాసులో ఒకసారి టెస్టు చేసిన ఫంక్షనును పిల్ల క్లాసులో మరల టెస్టు చేయనక్కరలేదని, వారసత్వము వలన శ్రమ తగ్గునని, చాలమంది నమ్మిరి. వినుటకు ఇంపైన మాటయే. ఎలెయిన్ వేయూకర్ అను అమెరికా శాస్త్రజ్ఞురాలు అంతకు ముందే, 1986లో, 'టెస్టులు చాలినవి' అని చెప్పుటకు ఏ లక్షణములుండవలెనో స్వీకృతముల రూపమున ఏర్పరచియుండెను. రేఖాగణితములో యూక్లిడు చేసిన విధముగ ననుకొనుడు. డ్యువేన్ పెర్రీ, గెయిల్ కైజర్ అను వారు 1990లో ఆ స్వీకృతములను ఆబ్జెక్టు ప్రోగ్రాములకు అన్వయించి చూచిరి. ఒకచోట చాలినన్ని టెస్టులు పొందిన భాగము మరియొకచోట ఉంచబడినప్పుడు ఆ టెస్టులు చాలినవని చెప్పరాదని వేయూకర్ స్వీకృతములలో నొకటి చెప్పుచున్నది. కావున వారసత్వముగా వచ్చిన ఫంక్షను, ఒక్క అక్షరము మారకపోయినను, పిల్ల క్లాసులో మరల టెస్టు చేయదగినదే యని వారు తేల్చిరి. శ్రమ తగ్గునని ఎదురుచూచినవారికి ఇది రుచింపని మాట. కవరేజి సాధనములు మాత్రము నేటికిని తమ సాధారణ లెక్కలో 1990 నాటి ఆ మాటను చేర్చుకొనలేదు. ఇది నా ముఖ్యమైన ఫిర్యాదు.

భాగము మారలేదు, చోటు మారినది. అందువలన ఎంత నష్టము రాగలదో చూపు సంఘటన యొకటి విజ్ఞాన చరిత్రలో నిలిచియున్నది. 1996 జూన్ 4న ఫ్రెంచి గయానాలోని కూరూ నుండి ఐరోపావారి ఏరియన్ 5 రాకెట్టు మొదటిసారి ఎగిరెను. నలుబది సెకనులు గడచునంతలో దారి తప్పి ముక్కలైనది. దిక్కును తెలుపు యంత్రములోని ప్రోగ్రాము ఏరియన్ 4 రాకెట్టునుండి తీసికొన్నది. అక్కడ అది చక్కగా పనిచేసినది. క్రొత్త రాకెట్టు అడ్డముగా సాగు వేగము హెచ్చు. ఆ వేగమునకు సంబంధించిన ఒక 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల పూర్ణసంఖ్యగా మార్చబోగా, 32,767కు మించిన విలువ అందులో పట్టలేదు. మారు యంత్రమొకటి సిద్ధముగా నుండెను గాని అందులోనిదియు అదే ప్రోగ్రాము గనుక అదియు అట్లే ఆగిపోయెను. విచారణ సంఘము తన నివేదికలో, ఏరియన్ 5 పయనించు దారి లెక్కలతో ఆ యంత్రమును టెస్టు చేయనేలేదని వ్రాసినది. ఇది ఆబ్జెక్టు పద్ధతి ప్రోగ్రాము కాదు. ఏడా అను భాషలో వ్రాసినది. అయినను 1997లో జెజెకెల్, మేయర్ అను ఇరువురు దీనినే ఉదాహరణగా తీసికొని, ఒకచోటి భాగమును మరియొకచోట వాడునప్పుడు దాని షరతులను స్పష్టముగా వ్రాసి వెంట పంపవలెనని వాదించిరి. వారసత్వము అనగా ఇట్టి మరుచోటి వాడుకయే. రాకెట్టులో ఒకసారి జరిగినది పెద్ద ఆబ్జెక్టు ప్రోగ్రాములో దినమునకు పదిమార్లు జరుగును.

ఆబ్జెక్టులకు మరియొక గుణము కలదు: జ్ఞాపకము. మన 'పరీక్షార్థి' ఒకసారి లెక్కించిన సగటును గుర్తుంచుకొని, రెండవసారి అడిగినప్పుడు లెక్క చేయకయే చెప్పునట్లు వ్రాసితిమనుకొందము. 'ఇదివరకు లెక్కించితినా?' అన్న చీలిక అందులో నుండును. సగటును వరుసగా రెండుమార్లు అడిగినచో రెండు దారులును నడచును. బ్రాంచి కవరేజి నిండును. ఇప్పుడు మన 360 మార్కుల పిల్లవానికి పునర్మూల్యాంకనములో 12 మార్కులు కలిసినవి. మొత్తము 372, సగటు 62 కావలెను. ఆబ్జెక్టు మాత్రము గుర్తున్న 60నే చెప్పును. మార్కులు కలుపు పంక్తి వేరొక టెస్టులో నడిచియే యున్నది. సగటు, కలుపుట, మరల సగటు అను ఈ వరుస మాత్రము ఎవరును నడుపలేదు. వరుసలను లెక్కించు గడి ఆ సాధనములో లేదు.

ఇంతవరకు చదివిన విద్యార్థి, 'అయితే ప్రతి పిలుపును ప్రతి ఆబ్జెక్టుతో, ప్రతి వరుసలో నడిపి చూచిన సరిపోదా?' అని అడుగవచ్చును. లెక్క వేయుడు. ఒక పనిలో పది పిలుపులున్నవి. ఒక్కొక్క పిలుపునకు పలుకగల క్లాసులు నాలుగు. విడివిడిగా చూచిన నలుబది జతలు, అవి చేయదగినవే. అన్ని పిలుపుల కలయికలను చూతమన్నచో నాలుగును పదిమార్లు హెచ్చించవలెను: 10,48,576. పది పిలుపుల చిన్న పనికే ఇంత. కనుక ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. విమర్శకుడు దీనిని మరచినచో అతని విమర్శ ఆకాశమునకు నిచ్చెన వేసినట్లగును.

గీత ఎక్కడ గీయవలెనో తెలివిగా ఆలోచించినవారు విమానముల వారే. డి.ఓ.-178సి ప్రమాణముతో పాటు 2011లో ఆబ్జెక్టు పద్ధతికై డి.ఓ.-332 అను అనుబంధము వెలువడినది. తల్లి స్థానమున పిల్లను ఉంచినను ప్రోగ్రాము చెడదని చూపుటకు అది మూడు మార్గములనిచ్చినది, ఏదైన ఒకటి చాలును. గణిత పద్ధతులచే నిరూపించుట ఒకటి. పిల్ల క్లాసును, అది ఏ తల్లులకు బదులు నిలువగలదో ఆ తల్లుల టెస్టులన్నిటిలోను నెగ్గించుట రెండవది. అదియు కానిచో, ప్రతి పిలుపు వద్ద పలుకగల ప్రతి ఫంక్షనును టెస్టు చేయుట మూడవది. ఇందలి తాత్త్వికమైన మూలము బార్బరా లిస్కోవ్ 1987లో ఒక ఉపన్యాసమున వివరించిన సూత్రము: తల్లి ఇచ్చిన మాటను పిల్ల తప్పరాదు. మన ఉదాహరణలో 'పరీక్షార్థి' ఇచ్చిన మాట ఏమనగా, సబ్జెక్టుల సంఖ్య అన్నది మొత్తములో కలిసియున్న సబ్జెక్టుల సంఖ్యయే యని. ఆ మాట ఎక్కడను వ్రాయబడలేదు. పిల్ల దానిని తెలియకయే తప్పినది.

ఇక వారసత్వముతో నిమిత్తము లేని రెండు లోట్లను క్లుప్తముగ చెప్పి విడిచెదను. కవరేజి సాధనము పంక్తి నడిచినదా అని చూచునే కాని, వచ్చిన జవాబును ఎవరైన సరిచూచిరా అని చూడదు. పిల్లలచే పరీక్ష వ్రాయించి పేపర్లు దిద్దకున్నను దాని లెక్కలో హాజరు నూరు శాతమే. వ్రాయవలసియుండి వ్రాయని పంక్తిని అది లెక్కింపనేలేదు. సబ్జెక్టుల సంఖ్య సున్న అయినచో భాగింపరాదన్న జాగ్రత్త మన ప్రోగ్రాములో లేదు, లేనిదానికి శాతమెక్కడిది?

కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయమునకు చెందిన లారా ఇనొజెమ్‌త్సేవా, రీడ్ హోమ్స్ అను వారు 2014లో ప్రకటించిన పరిశోధన ఈ సందర్భమున చూడదగినది. వారు జావాలో వ్రాసిన అయిదు పెద్ద ప్రోగ్రాములను తీసికొని, వాటికి 31,000 టెస్టు సముదాయములను కూర్చి, కవరేజి హెచ్చిన కొలది తప్పులు పట్టు శక్తియు హెచ్చునా అని పరిశీలించిరి. సముదాయములోని టెస్టుల సంఖ్యను సమానముగ నుంచి పోల్చినప్పుడు ఆ సంబంధము స్వల్పము మొదలు మధ్యస్థము వరకే కనబడినది. ఎక్కువ టెస్టులున్నచోట కవరేజియు హెచ్చుగా నుండును, తప్పులును ఎక్కువగా దొరకును; కవరేజికి వచ్చిన పేరులో కొంత భాగము ఆ సంఖ్యదే యన్నమాట. వారు ఒకచోట తప్పులు ఎట్లు పుట్టించిరనగా, 1978లో డెమిల్లో, లిప్టన్, సేవర్డ్ అను వారు ప్రచారములోనికి తెచ్చిన విధానమున, ప్రోగ్రాములో కూడికకు బదులు తీసివేత వంటి చిన్న మార్పులు కావలెనని చేసి, టెస్టులు వాటిని పట్టునా అని చూచిరి. దీనిని మ్యుటేషను టెస్టు అందురు. జవాబు సరిచూడని టెస్టులను బయటపెట్టుటకు ఇంతకంటె మంచి ఉపాయము నాకు తోచదు. కాని ఇదియు వ్రాసిన పంక్తులనే మార్చును గనుక వంశవృక్షములో దాగిన జతలన్నిటిని ఇదియే బయటకు లాగునని ఆశింపరాదు.

కవరేజిని పారవేయుడని నేననను. దాని తక్కువ అంకె నిజమే చెప్పును. కవరేజి 40 శాతమని తేలినచో, తక్కిన 60 శాతమును ఎవరును ముట్టలేదన్నది నిశ్చయము. ఆ సంగతి మరియే విధముగను ఇంత చౌకగా తెలియదు. పైఅంకె విషయముననే చిక్కు. 80 దాటనిదే ప్రోగ్రామును అంగీకరింపమని నియమము పెట్టుకొను సంస్థలు కలవు. అంకె గురియైన పిమ్మట మనుష్యులు అంకెనే గురిచూచి కొట్టుదురు. సులభముగ నడచు పంక్తులకు టెస్టులు పుట్టును, కష్టమైనవి మిగిలిపోవును. 'చెప్పిన పాఠములు' అన్న గడిని నింపుటకు చివరి వారములో అధ్యాయములను పరుగెత్తించిన అనుభవము మన పాఠశాలలకు క్రొత్త కాదు. మన విద్యార్థులలో అనేకులు హైదరాబాదులోను, విదేశములలోను ఈ టెస్టుల ఉద్యోగములకే పోవుచున్నారు. వారి చేతికి మొదట అందు కాగితములలో ఈ శాతము ఒకటి. దాని హారములో ఏమున్నదో అడుగుట వారు పాఠశాలలోనే నేర్వవచ్చును. భిన్నములు చెప్పు ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

మన ప్రోగ్రామునకే హారమును మార్చి చూతము. పంక్తులకు బదులు జతలను, అనగా ఏ ఫంక్షను ఏ క్లాసు ఆబ్జెక్టుపై నడువగలదో లెక్కింతము. మామూలు పరీక్షార్థికి మూడు: మొత్తము, సంఖ్య, సగటు. సప్లిమెంటరీవానికి నాలుగు: ఆ మూడును, ఫీజును. అన్నియు కలిసి ఏడు. మన రెండు టెస్టులలో నడిచినవి మొదటివానికి మూడును, రెండవవానికి సంఖ్య, ఫీజు అను రెండును, వెరసి అయిదు. ఏడింట అయిదు 71 శాతము. నూరు అనుకొన్నది డెబ్బదియొకటి. నడువని రెండు జతలు సప్లిమెంటరీవాని మొత్తము, సగటు. వేలు పెట్టి చూపినట్లు తప్పున్నచోటికే ఈ లెక్క మనలను తీసికొనిపోయినది.

కంప్యూటరున్న పాఠశాలలో దీనిని పైథాను భాషలో ఒక పీరియడులో చేసి చూడవచ్చును. ప్రోగ్రాము ఇరువది పంక్తులకు మించదు. మొదట రెండు టెస్టులతో కవరేజి చూడుడు. తరువాత తల్లి క్లాసునకు వ్రాసిన సగటు టెస్టునే, 'సగటు నూరు దాటరాదు' అన్న షరతును చేర్చి, పిల్ల క్లాసు ఆబ్జెక్టుతో నడుపుడు. 150 వచ్చి టెస్టు తప్పును. చక్కదిద్దుటకు పెద్ద పని లేదు: ఫీజు లెక్కకు వాడిన అంకెకు 'వ్రాయుచున్న సబ్జెక్టులు' అని వేరు పేరు పెట్టి, తల్లి ఇచ్చిన 'సబ్జెక్టుల సంఖ్య'ను దాని మానాన విడిచిపెట్టిన చాలును. అప్పుడు సగటు 50 వచ్చును. సాధనము చూపు కవరేజి ఈ క్రొత్త టెస్టునకు ముందు 100, తరువాతను 100.